చేతి విల్లు మొరాయిస్తోందా? ముందు టేపు తీయండి

విల్లు చెడితే మొదటి నెపం కర్ర మీదికే పోతుంది. నా మొదటి విల్లు వంకరపోయినప్పుడు నేనూ కర్రనే తిట్టుకున్నాను. తర్వాత టేపు పెట్టి కొలిస్తే, తప్పు రంపం పట్టకముందే పెన్సిలు గీత దగ్గర జరిగిపోయిందని తెలిసింది. విల్లు పొడవు, వెడల్పు ముందే లెక్కతో ఖాయం చేసుకోవాలి. మందాన్ని మాత్రం విల్లు వంగే తీరు చూసి తేల్చుకోవాలి. చాలామంది మందాన్ని కొలిచి గీసి, వెడల్పును కంటికి వదిలేస్తారు. కింద చెప్పే రోగాల్లో సగం అక్కడే పుడతాయి.

ఒక మాట ముందే చెప్పాలి. మన దేశంలో వన్యప్రాణుల వేటను 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. ఇక్కడ ఉదాహరణగా తీసుకున్నది అమెరికాలో జింకల వేటకు వాడే, హికరీ అనే చెట్టు కర్రతో చేసిన విల్లు. గురి సాధన కోసం చేసుకునేవారికీ ఇవే కొలతలు పనికివస్తాయి. వెదురు విల్లుకు మాత్రం ఈ అంకెలు వర్తించవు.

పోల్చి చూసుకోవడానికి ఒక నమూనా: నారిని 28 అంగుళాలు లాగే మనిషికి, 45 పౌండ్ల బలానికి (అంటే నారిని అంత దూరం లాగి పట్టడానికి కావలసిన బరువుకు), కొస నుంచి కొసకు 68 అంగుళాల విల్లు. మధ్యలో పిడి 4 అంగుళాలు, దానికి అటూ ఇటూ 2 అంగుళాల చొప్పున వాలు. ఈ 8 అంగుళాలూ వంగవు. ఇక ఒక్కో రెక్కకు, అంటే పిడికి ఒక్కో వైపు వంగే భాగానికి, 30 అంగుళాలు మిగులుతాయి. వంగే భాగం మొత్తం కలిపి లాగుడుకు కనీసం రెట్టింపు ఉండాలి. ఇక్కడ 60 ఉంది కాబట్టి 4 అంగుళాలు చేతిలో ఉన్నట్టు. వెడల్పు సగం రెక్క దాకా 2 అంగుళాలు, అక్కడి నుంచి తగ్గుతూ కొస దగ్గర అర అంగుళం. మందం పిడి వైపు 16 మిల్లీమీటర్లు, కొస వైపు 12తో మొదలుపెట్టి గీకుతూ తగ్గించాలి.

నారి విప్పినా విల్లు వంగే ఉంది

అంగుళం, అంగుళంన్నర వంపు మిగలడం సహజం. రెండు అంగుళాలు దాటితే బాణం వేగం పడిపోతున్నట్టే.

విల్లు వంగినప్పుడు మీ వైపు ఉండే ముఖం, అంటే కడుపు, నలుగుతుంది. బయటి ముఖం, అంటే వీపు, సాగుతుంది. వంపు ఒకటే అయితే, రెక్క ఎంత మందంగా ఉంటే పై పొరల మీద ఒత్తిడి అంత ఎక్కువ. రెండు అంగుళాల వెడల్పు ఉండాల్సిన చోట అంగుళంన్నరే పెట్టారనుకోండి. అదే బలం రావాలంటే మందం పది శాతం పెంచాలి. ఒత్తిడీ అంతే పెరుగుతుంది. హికరీ సాగడంలో మొండిది, నలగడంలో మెత్తనిది. అందుకే కడుపు వైపు ఓడిపోతుంది.

కారణం తేలాలంటే విల్లు వీపును తిన్నని బద్దకు ఆనించి చూడండి. వంపు రెక్క పొడవునా సమంగా ఉంటే వెడల్పు చాలలేదు, లేదా కర్రలో తేమ ఉంది. ఒక్కచోటే ఉంటే అక్కడ మందం ఎక్కువ తీసేశారు. పిడి పక్కనే ఉంటే ఆ చోటే మితిమీరి వంగుతోంది. కొసల దగ్గరి వంపు కంటే పిడి దగ్గరి వంపు చేసే నష్టం ఎక్కువ.

ముందు తేమ సంగతి చూడండి. హికరీ గాలిలోని తడిని ఇట్టే పీలుస్తుంది. సముద్ర తీరంలో ఉండేవారికి ఇది పెద్ద బెడద. విల్లును పొడిగా, వెచ్చగా ఉండే చోట పెట్టి, రెండు మూడు రోజులకోసారి వంటింటి త్రాసులో తూచండి. బరువు తగ్గడం ఆగిపోయేదాకా నారి ఎక్కించవద్దు. ఆ తర్వాత విల్లును తిన్నని దిమ్మకు బిగించి, కడుపు వైపు వేడిగాలి యంత్రంతో గోధుమ రంగు వచ్చేదాకా నిదానంగా కాల్చవచ్చు. కర్ర బిగుసుకుంటుంది. కాల్చిన వెంటనే లాగితే విరుగుతుంది, కొన్ని రోజులు ఆగండి. వెడల్పే చాలకపోయి ఉంటే దానికి మందు లేదు. బలం పది పౌండ్లు తగ్గించుకుని వాడుకోవాలి.

అనుకున్న బలం రాలేదు

అందరికీ జరిగేదే. రెక్క గట్టితనం వెడల్పును బట్టి సమంగా మారుతుంది, మందాన్ని బట్టి మాత్రం ఘనంలో మారుతుంది. వెడల్పు పది శాతం తీస్తే బలం పది శాతమే పోతుంది. మందం పది శాతం తీస్తే 27 శాతం పోతుంది! అర అంగుళం మందం ఉన్న రెక్కలో అది మిల్లీమీటరు పైచిలుకు. ఆకురాయితో ఒక సాయంత్రం ఉత్సాహపడితే 45 పౌండ్ల విల్లు 33కి దిగుతుంది.

చేతిలో పొడవు మిగిలి ఉంటే ఒక్కో కొస అంగుళం చొప్పున కోసి, నారి గాట్లు కొత్తగా పెట్టండి. బలం సుమారు పదో వంతు పెరుగుతుంది. పై నమూనాలో వంగే భాగం 58కి వస్తుంది, 56 కంటే కిందికి మాత్రం పోవద్దు. ఈసారి విల్లు చేసేటప్పుడు తూకపు కొక్కెంతో లాగి చూస్తూ గీకండి. ఎంత దూరం లాగారన్నది కాదు, ఎంత బరువు పడుతోందన్నది చూడాలి. 45 పౌండ్లు చూపించిన చోట ఆగి, రెక్కలు సమంగా వంగేలా గీకి, మళ్లీ లాగాలి. చివరి నునుపులో రెండు మూడు పౌండ్లు పోతాయి, ఆ మేరకు ముందే ఉంచుకోండి.

చివరి అంగుళాల్లో నారి రాయిలా బిగుస్తోంది

మామూలుగా అంగుళానికి రెండు, రెండున్నర పౌండ్లు పెరగాలి. చివర్లో నాలుగైదు పెరుగుతుంటే, నిండా లాగినప్పుడు ఎవరినైనా పక్క నుంచి ఫొటో తీయమనండి. కొస దగ్గర నారికీ రెక్కకూ మధ్య కోణం లంబకోణం దాకా వచ్చి ఉంటుంది. విల్లు పొట్టిదైపోయింది. లాగుడు తగ్గించుకోండి, తర్వాతి విల్లు నాలుగు అంగుళాలు పెంచండి.

బాణం వదిలాక చెయ్యి అదురుతోంది

కొసలు బరువుగా ఉన్నాయి. చివరి ఏడెనిమిది అంగుళాలను పక్కల నుంచి చిత్రిక పట్టి, కొసను 10 మిల్లీమీటర్లకు తెండి. మందం ముట్టుకోవద్దు. మరీ తేలికైన బాణం వేసినా అదురుతుంది.

ఒకచోట మడతలా వంగుతోంది

మిగతా రెక్కంతా గీకండి, ఆ చోటు తప్ప. బలం తగ్గుతుంది, తప్పదు.

కడుపు మీద అడ్డంగా సన్నని గీతలు

పొరలు నలిగిపోయాయి. ఆ చోటు మడతలా వంగుతుంటే పైన చెప్పినట్టు సరిచేసి, లాగుడు తగ్గించి వాడవచ్చు. గీతలు రెక్కంతా ఉంటే కడుపును గుండ్రంగా చెక్కారేమో చూడండి. 1545లో మునిగిన మేరీ రోజ్ అనే ఇంగ్లిష్ యుద్ధనౌకలో దొరికిన ఇంగ్లిష్ విల్లులకు కడుపు గుండ్రంగానే ఉంది. కానీ అవి యూ అనే చెట్టు కర్రవి, నలుగుడుకు ఆగే చేవ వాటిది. హికరీకి చదునైన కడుపే పెట్టాలి.

వీపు మీద పీచు లేస్తోంది

ఇది కొలతల తప్పు కాదు. వీపు మీద వార్షిక వలయం, అంటే చెట్టు ఏడాదికొకటి వేసే పొర, తెగిపోయింది, లేదా కర్ర పోగు పక్కకు జారింది. లాగడం వెంటనే ఆపండి. ఇలాంటి విల్లు విరిగేది నిండా లాగినప్పుడు, ముఖానికి జానెడు దూరంలో.