పెద్దవాళ్లతో కాశీ, గయ యాత్ర: ప్లాను ఇలా వేసుకోండి

మా సత్యనారాయణపురంలో ఎవరింట కాశీ మాట ఎత్తినా ముందు ఊళ్ల జాబితా తయారవుతుంది. ప్రయాగ, కాశీ, గయ, అయోధ్య, పన్లో పనిగా ఆగ్రా, ఢిల్లీ, హరిద్వార్. అమ్మానాన్నల్నీ అత్తగారినీ తీసుకెళ్లినదాన్నిగా చెబుతున్నాను: ముందు వాళ్ల మోకాళ్లు చూడండి, మ్యాపు తర్వాత. మొదటి నాలుగు ఊళ్లు చాలు. మకాం కాశీలోనే.

బెజవాడ మీదుగా దానాపూర్ వెళ్లే సంఘమిత్ర ఎక్స్‌ప్రెస్‌కి ముందు ప్రయాగ్‌రాజ్ ఛివకీ వస్తుంది, ఆ తర్వాత పాత మొఘల్‌సరాయ్, అంటే ఇప్పటి దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్. కాబట్టి ప్రయాగలో దిగి, సంగమ స్నానం, వేణీదానం (జడ కొస కత్తిరించి సంగమంలో వదలడం) ముగించుకుని కారులో కాశీ వెళ్లడం సుఖం. సుమారు 120 కిలోమీటర్లు. రిజర్వేషన్ 60 రోజుల ముందు, ఉదయం 8 గంటలకు మొదలవుతుంది. అందరికీ కలిపి ఒకే టికెట్ తీయకండి. 60 దాటిన మగవాళ్లకూ, 45 దాటిన ఆడవాళ్లకూ కింది బెర్తుల కోటా ఉంది. టికెట్‌లో ఒకరో ఇద్దరో ఉంటేనే అది పనిచేస్తుంది.

కాశీలో పాండే హవేలీ దగ్గర ఆంధ్రాశ్రమం ఉంది. ఎక్కడ దిగినా కింది అంతస్తు గదే అడగండి. ఘాట్ల మెట్లు ఎత్తుగా ఉంటాయి, నీళ్ల దగ్గర పాకుడు పడతాయి. అత్తగారు స్నానానికి దిగేటప్పుడు నేను ఆవిడకంటే ఒక మెట్టు కింద, ఎదురుగా నిలబడేదాన్ని. ఆవిడ రెండు చేతులూ నా భుజాల మీద వేసి, ముందు నొప్పిలేని కాలు దించేవారు కాదు. నొప్పి కాలు దించి, తర్వాత రెండోది. దిగడానికి అదే పద్ధతి. దశాశ్వమేధ ఘాట్ హారతి పడవలో కూర్చుని చూపించండి, గంటలకొద్దీ నిలబడే బాధ తప్పుతుంది. విశ్వనాథుడి గుళ్లోకి ఫోన్లు పట్టుకెళ్లనివ్వరు, గదిలోనే వదిలి వెళ్లండి. విశ్వనాథుడు, అన్నపూర్ణ, విశాలాక్షి ఒక పూట. కాలభైరవుణ్ణి ఇంకో పూటకి ఉంచుకోండి.

గయకు ఇంటి దగ్గరే సిద్ధం కావాలి. రెండు వైపులా మూడు తరాల పేర్లు, గోత్రాలు కాగితం మీద రాసుకోండి. మా నాన్నగారి నాయనమ్మ పేరు గుంటూరు బ్రాడీపేటలో ఉండే మేనత్తకు ఒక్కదానికే గుర్తుంది. ఆవిణ్ణి అడిగి రాసుకున్నాం. ఫల్గుణీ తీరం, విష్ణుపాదం, అక్షయవటం, మూడుచోట్లా పిండప్రదానానికి మొత్తం ఎంతో పురోహితుడితో ముందే మాట్లాడుకోండి. ఇక జన్మలో తినమని గయలో వదిలే కాయ, పండు ఏవో కూడా ఇంటి దగ్గరే అనుకుని వెళ్లండి. అమ్మ సీతాఫలం వదిలేసింది, తనకు ప్రాణమైన పండు. పితృపక్షాల్లో పెద్దవాళ్లతో వెళ్లవద్దు, ఆ రద్దీ తట్టుకోలేరు.

అయోధ్య కాశీకి 200 కిలోమీటర్ల పైచిలుకు. ఒక్కరోజులో వెళ్లి రావాలనుకోకండి, రాత్రి అక్కడే ఉండండి. బాలరాముడి దర్శనానికి నడక ఎక్కువ, హనుమాన్ గఢీకి 76 మెట్లు. ఎక్కలేనివాళ్లు కిందనుంచే దణ్ణం పెట్టుకుంటారు.

ఫిబ్రవరి మంచి నెల. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచుకి రైళ్లు గంటలకొద్దీ ఆలస్యం. వానాకాలంలో ఘాట్లు మునుగుతాయి. తిరుగు రైలుకి ముందు ఒక రోజు ఖాళీగా ఉంచండి. కాశీ సమారాధన, అంటే యాత్ర నుంచి వచ్చాక ఇంట్లో చేసే పూజ, భోజనాలు కూడా ఇల్లు చేరిన మర్నాడే పెట్టుకోకుండా, పెద్దవాళ్ల కాళ్లవాపు తగ్గాక ముహూర్తం చూసుకోండి.