ఇంగ్లండు కాలవల్లో నారోబోట్ సెలవు – మూడో పాఠం: ముందు తిరిగే చోటు, తర్వాతే మైళ్ళు

గత పాఠం చివర ఇచ్చిన లెక్కతో మొదలుపెడదాం. నారోబోట్, అంటే కాలవల్లో తిరిగే సన్నని పొడవాటి పడవ, శుక్రవారం మధ్యాహ్నం 3 గంటలకి చేతికొస్తుంది. సోమవారం ఉదయం 9కి అప్పగించాలి. మొత్తం 66 గంటలు. ఇందులో పడవ నిజంగా కదిలేది ఎన్ని గంటలు?

30 అని వేసేవాళ్ళే ఎక్కువ. జవాబు 15. శుక్రవారం సామాను ఎక్కించి, ఇంజిను, గ్యాసు, పంపులు చూపించుకుని, రేవు వాళ్ళతో కాస్త దూరం నడిపి నేర్చుకునేసరికి నాలుగున్నర అవుతుంది. ఆ సాయంత్రం 2 గంటలు నడిపితే చాలు. శనివారం 6, ఆదివారం 6. సోమవారం పొద్దున్నే ఒక గంట. చీకట్లో నడపడానికి అద్దె కంపెనీలు ఒప్పుకోవు. మే నెలలో రాత్రి ఎనిమిదిన్నరకి కూడా వెలుతురుంటుంది కాబట్టి ఇది ఇబ్బంది కాదు. అక్టోబరులో అదే ఇబ్బంది.

15 గంటల్లో సగం వెళ్ళడానికి, సగం రావడానికి. అంటే ఏడున్నర గంటలు ఎటు వెళ్తే అటు, అక్కడ పడవ తిప్పేయాలి. చాలా ప్లాన్లు తప్పేది ఇక్కడే. కారులా ఎక్కడ పడితే అక్కడ యూటర్న్ కొట్టడానికి వీల్లేదు. మనం రెండో పాఠంలో ఎంచుకున్న పడవ 57 అడుగుల పొడవు, 6 అడుగుల 10 అంగుళాల వెడల్పు. కాలవ చాలా చోట్ల 30, 40 అడుగులకి మించి ఉండదు, అంచుల్లో లోతూ ఉండదు. పడవ అడ్డంగా తిరిగితే ఇరుక్కుపోతుంది.

అందుకని కాలవ తవ్వినప్పుడే అక్కడక్కడా ఒక గట్టులోకి మూడు మూలల గుంట తీసి పెట్టారు. దాన్ని విండింగ్ హోల్ అంటారు. పలకడంలో ఒక తిరకాసు ఉంది: గాలికి ఇంగ్లీషులో అనే ‘విండ్’ లాగే పలకాలి, ‘వైండింగ్’ అంటే కాలవ మనుషులు నవ్వుకుంటారు. కాలవ గైడు పుస్తకాల్లో దీనికి ప్రత్యేకమైన గుర్తు ఉంటుంది. కొన్ని గైడుల్లో ఎన్ని అడుగుల పడవ అందులో తిరుగుతుందో కూడా రాస్తారు. 60 అడుగులకి సరిపోయే గుంటలో మన పడవ తిరుగుతుంది. 70 అడుగుల పడవ తిరగదు. పెద్ద పడవ అద్దెకి తీసుకుందామని సరదా పడేవాళ్ళు ఈ సంగతి ముందే చూసుకోవాలి.

కాబట్టి ప్లాను వేసే వరస ఇది. గైడులో మీ రేవు నుంచి వేలు పెట్టి కదుపుతూ, దారిలో వచ్చే విండింగ్ హోళ్ళన్నీ పెన్సిలుతో చుట్టండి. ప్రతిదాని పక్కన దగ్గర్లోని వంతెన నంబరు రాయండి. కాలవ మీద వంతెనలకి నంబరు పలకలుంటాయి, నీళ్ళ మీద మీరు ఎక్కడున్నారో చెప్పేవి అవే. ఆ తర్వాతే మైళ్ళు, లాకులు లెక్కపెట్టండి.

లాకు అంటే ఏమిటో గోదావరి, కృష్ణా డెల్టాల వాళ్ళకి చెప్పక్కర్లేదు. మిగతావాళ్ళ కోసం ఒక్క మాట: రెండు వైపులా తలుపులున్న రాతి తొట్టి. నీరు నింపితే పడవ లేస్తుంది, వదిలితే దిగుతుంది. తేడా ఏమిటంటే ఇంగ్లండులో చాలా లాకుల దగ్గర మనిషి ఉండడు. తూము షట్టర్లు ఎత్తడం, తలుపులు తొయ్యడం అంతా మీ పనే. అది ఎలాగో నాలుగో పాఠంలో. ప్రస్తుతానికి అది తినే సమయమే కావాలి.

సూత్రం తేలిక: మైళ్ళు, లాకులు కలిపి 3తో భాగించండి. వచ్చింది గంటలు. కాలవల్లో వేగ పరిమితి గంటకి 4 మైళ్ళు. మామూలుగా నడిచేది 3 మైళ్ళు. ఒక్కో లాకుకి సగటున 20 నిమిషాలు, అంటే ఒక మైలుతో సమానం. ఏడడుగుల వెడల్పుండే సన్న లాకుల్లో చేయి తిరిగినవాళ్ళు 12, 15 నిమిషాల్లో దాటేస్తారు. మొదటిసారి వెళ్ళేవాళ్ళకి తొలి రెండు లాకులూ అరగంట చొప్పున పడతాయి. మొత్తానికి సగటు 20 సరిపోతుంది.

సూత్రం ఎక్కడ దెబ్బతింటుందో చూడ్డానికి రెండు దారులు తీసుకుందాం.

మొదటిది కెన్నెట్ అండ్ ఏవన్ కాలవ. బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్‌లో లాకు దాటిన వైపు రేవు నుంచి బాత్ ఊరి పై లాకు దాకా సుమారు 10 మైళ్ళు. మధ్యలో ఒక్క లాకూ లేదు. సూత్రం ప్రకారం 3 గంటల 20 నిమిషాలు. కానీ అంతలో చేరరు. ఈ కాలవ పడమటి కొసన గట్టు పొడవునా పడవలు కట్టేసి ఉంటాయి. వాటిలో మనుషులు కాపురం ఉంటారు. కట్టేసిన పడవ పక్కనుంచి వెళ్ళేటప్పుడు ఇంజిను దాదాపు మూలుగుతున్నట్టే ఉండాలి, లేకపోతే మీ పడవ లాగే నీటికి వాళ్ళ మోకులు బిగిసి మేకులు ఊడొస్తాయి, స్టవ్ మీద టీ ఒలుకుతుంది, బయటికొచ్చి రెండు మాటలంటారు. న్యాయమే. ఆ వరసల పక్కన మీ వేగం గంటకి 2 మైళ్ళు. 10ని 2తో భాగిస్తే 5 గంటలు. ఈ దారికి అదే నమ్మదగ్గ అంకె.

వెళ్ళడం 5, రావడం 5. చేతిలో ఉన్నది 15. హాయిగా సరిపోతుంది. శుక్రవారం సాయంత్రం ఏవన్‌క్లిఫ్ అక్విడక్ట్ దాటి ఎక్కడైనా కట్టేయండి. అక్కడ కాలవే నదిని దాటుతుంది, వంతెన మీద నీరు, కింద నీరు. శనివారం పొద్దున సగం దారిలో డండాస్ అక్విడక్ట్ వస్తుంది. ఇంజినీరు జాన్ రెన్నీ కట్టించింది. దానికి రెండు కొసల్లోనూ కాలవ గట్టిగా మలుపు తిరుగుతుంది, ఎదురుగా వచ్చే పడవ చివరి దాకా కనిపించదు, మలుపుకి ముందు హారను కొట్టాలి. మధ్యాహ్నానికి బాత్. లాకులకి ఎగువనే పడవ తిప్పి, కట్టేసి, ఊళ్ళోకి నడిచి వెళ్ళండి.

ఇంకాస్త దిగి ఏవన్ నదిలోకి వెళ్దామా అని అనిపిస్తుంది. వద్దు. బాత్‌లో 6 లాకులు. అన్నీ వెడల్పు లాకులు, బరువైన తలుపులు. వాటిలో ఒకదాని లోతు 19 అడుగుల 5 అంగుళాలు. దిగి ఎక్కితే 12 సార్లు, 4 గంటలు. పైగా కింద ఉన్నది నది, వానలు పడితే ప్రవాహం పెరుగుతుంది. కొన్ని అద్దె కంపెనీలు నదిలోకి దిగనివ్వవు కూడా.

రెండో దారి దక్షిణ ఆక్స్‌ఫర్డ్ కాలవ. నాప్టన్ కింది లాకు నుంచి ఫెన్నీ కాంప్టన్ దాకా సుమారు 10 మైళ్ళు. బాత్ దారీ అంతే కదా అనుకోవద్దు. ఇక్కడ మొదటి రెండు మైళ్ళలోనే 9 లాకులు ఎక్కాలి. 10, 9 కలిపితే 19. 3తో భాగిస్తే 6 గంటల 20 నిమిషాలు. రానూపోనూ 12 గంటల 40. 15లో ఇమిడింది అనిపిస్తుంది, కానీ ఆ మిగిలిన 2 గంటల 20 నిమిషాలు ఎక్కడికి పోతాయో చూడండి.

శనివారం ఉదయం 9కి లాకుల కిందికి చేరితే మీ ముందు నాలుగు పడవలుంటాయి. ఎండ కాసిన వారాంతంలో ఇది మామూలే. సన్న లాకులో ఒక్క పడవే పడుతుంది కాబట్టి ఒక గంట అక్కడే పోయింది. పైకెక్కాక నీళ్ళ ట్యాంకు నింపుకోవాలంటే కుళాయి ధారని బట్టి అరగంట నుంచి గంట. ప్రొపెల్లరుకి ప్లాస్టిక్ సంచో పాత బట్టో చుట్టుకుంటే ఇంకో అరగంట. ఇంజిను ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకుని, వెనకనున్న వీడ్ హ్యాచ్ మూత విప్పి, నీళ్ళలోకి చేయి పెట్టి కోసి తీయాలి. మూత తిరిగి పెట్టి బిగించడం మర్చిపోతే, ఇంజిను వేయగానే ప్రొపెల్లరు చిమ్మే నీరు పడవలోకే వస్తుంది. పడవలు మునిగిన సందర్భాల్లో ఇదొక కారణం. ఇక వంట. లాకులో పడవ గోడకి కొట్టుకుంటుంది కాబట్టి పొయ్యి మీద మరిగే సాంబారు ఉండకూడదు. భోజనానికి కట్టేసి ఒక గంట ఆగాల్సిందే. ఇవన్నీ రోజూ జరగవు, కానీ మూడు రోజుల్లో వీటిలో రెండో మూడో తప్పవు.

అందుకే మొదటిసారి వెళ్ళేవాళ్ళకి ఈ దారిలో మా సలహా: లాకులు ఎక్కండి, అది నేర్చుకోవాల్సిందే, కానీ ఫెన్నీ కాంప్టన్ దాకా పట్టుబట్టొద్దు. లాకుల పైన 11 మైళ్ళ పొడవున ఒకే మట్టంలో నీరుంటుంది. ఇది జేమ్స్ బ్రిండ్లీ కాలం నాటి పద్ధతి: గుట్టని తవ్వకుండా, గట్టుని పోయకుండా, నేల మట్టం ఎటు తిరిగితే అటు కాలవని తిప్పడం. ఉత్తరపు భాగాన్ని 1830లలో తిన్నగా చేశారు, దక్షిణం అలాగే ఉండిపోయింది. ఒకే చర్చి గోపురం కాసేపు కుడివైపు, కాసేపు ఎడమవైపు, ఇంకాసేపటికి వీపు వెనక కనిపిస్తుంది. అక్కడ మీరు చుట్టిన విండింగ్ హోళ్ళలో దగ్గరగా ఉన్నదాన్ని ‘అ’ అని, దూరంగా ఉన్నదాన్ని ‘ఆ’ అని రాసుకోండి. శనివారం మధ్యాహ్నం 2 గంటలకి ‘అ’ దాటకపోతే, అక్కడే తిరిగేయండి. ఈ నిర్ణయం ఇంట్లో కూర్చుని తీసుకోవాలి. పడవ మీద ‘ఇంకొక్క మైలు’ అనేవాళ్ళు ఎప్పుడూ ఒకరుంటారు. ఆ ఒక్క మైలు రానూపోనూ 40 నిమిషాలు. ఆ తర్వాతి గుంట ఇంకో మూడు మైళ్ళ దూరంలో ఉందంటే మొత్తం రెండున్నర గంటలు పైబడతాయి. పోనీ వెనక్కి వెళ్దామంటే, రివర్సులో నారోబోట్ చుక్కాని మాట దాదాపు వినదు.

తిప్పే పద్ధతి ఒకసారి దగ్గర్నుంచి చూద్దాం. గుంట మీకు ఎడమ గట్టున ఉందనుకోండి. ముందుగా గాలి చూడండి. పడవకి లోతు తక్కువ, పక్కగోడ ఎత్తు ఎక్కువ. గాలి గట్టిగా వీస్తే తెరచాపలా తోసేస్తుంది. తిరగాల్సిన వైపుకే వీస్తే సాయం. ఎదురుగా వీస్తే కట్టేసి తగ్గేదాకా ఆగడం మేలు. ముక్కు దగ్గర ఒకరిని నిలబెట్టి, ఇంజిను బాగా తగ్గించి, ముక్కుని గుంట మూలలోకి పోనివ్వండి. ఎడమకి తిరగాలి కాబట్టి టిల్లరు, అంటే చుక్కాని తిప్పే కడ్డీ, కుడికి నెట్టాలి. ముక్కు మట్టిని మెల్లగా తాకాక, టిల్లరు పూర్తిగా కుడికే పట్టుకుని ఇంజిను కాస్త ముందుకి పెంచండి. ముక్కు కదల్లేదు కాబట్టి తోక చుట్టూ తిరుగుతుంది. అడ్డం దాటి మూడొంతులు తిరిగాక రివర్సు వేసి ముక్కుని బయటికి లాగండి, తర్వాత ముందుకి వేసి వచ్చిన దారి పట్టండి. 5 నుంచి 10 నిమిషాల పని.

ఇందులో చేసే తప్పులు రెండు. ఒకటి, తోకని గుంటలోకి పెట్టడం. అక్కడ లోతు తక్కువ, రాళ్ళుంటాయి, ప్రొపెల్లరూ చుక్కానీ దెబ్బతింటాయి. లోపలికి వెళ్ళేది ఎప్పుడూ ముక్కే. రెండు, ఇరుక్కున్నప్పుడు ఇంజిను ముందుకి ఇంకా పెంచడం. దానితో బురదలోకి ఇంకా దిగుతుంది. రివర్సు వేసి, మనుషులందరినీ నీరు లోతున్న వైపుకి జరిపి, గెడతో అడుగుని నెట్టండి. గెడ కొస ఎప్పుడూ మీ ఒంటికి పక్కగా ఉండాలి, పొట్టకి ఎదురుగా కాదు.

ఇక ఆదివారం రాత్రి కట్టే చోటు. రేవుకి ఒక గంట లోపు ఉండాలి, మధ్యలో లాకు ఉండకపోతే ఇంకా మంచిది. సోమవారం 9 తర్వాత రేవు వాళ్ళు ఆ పడవని శుభ్రం చేసి మధ్యాహ్నం ఇంకొకరికి ఇవ్వాలి, ఆలస్యానికి అదనంగా వసూలు చేస్తారు. కట్టేది టోపాత్ (కాలవ వెంట నడిచే దారి) ఉన్న గట్టుకే. విండింగ్ హోల్ ఎదుట, లాకు ముందు ఆగే చోట, నీళ్ళ కుళాయి దగ్గర, మలుపు మీద కట్టకూడదు.

డబ్బు కట్టేముందు ఒకసారి, బయల్దేరే ముందు వారం ఒకసారి, ముందు రోజు ఒకసారి కెనాల్ అండ్ రివర్ ట్రస్ట్ వెబ్‌సైట్‌లో ‘స్టాపేజెస్’ (మూసివేతల జాబితా) చూడండి. 2012 నుంచి ఇంగ్లండు, వేల్స్ కాలవల్లో ఎక్కువ భాగం ఈ ట్రస్టు చేతిలోనే ఉన్నాయి. నవంబరు నుంచి మార్చి దాకా పెద్ద మరమ్మతులకి లాకులు మూస్తారు. వానలు లేని వేసవిలో నీరు పొదుపు చేయడానికి కొన్ని లాకు వరసలకి వేళలు పెట్టి, రాత్రిళ్ళు తాళాలు వేస్తారు. సాయంత్రం 4 తర్వాత మొదటి లాకులోకి రానివ్వకపోతే మీ శనివారం ప్లాను అంతా మారుతుంది.

చివరగా ఒక కాగితం మీద నాలుగే నాలుగు వరసలు రాసి టిల్లరు దగ్గర అంటించండి: శుక్రవారం కట్టే చోటు వంతెన నంబరు, ‘అ’ నంబరు దాని పక్కన గడువు, ‘ఆ’ నంబరు దాని పక్కన గడువు, ఆదివారం కట్టే చోటు నంబరు. నడిపేవాళ్ళు మారినా కాగితం మారదు.

ఈ పాఠం లెక్క: యాష్‌బీ కాలవ మార్స్టన్ జంక్షన్ నుంచి స్నేర్‌స్టన్ దాకా 22 మైళ్ళు, మధ్యలో లాకులు లేవు. జంక్షన్ దగ్గరే పడవ తీసుకున్నారనుకోండి, 57 అడుగులది, అక్టోబరు మధ్యలో, శుక్రవారం నుంచి సోమవారం దాకా. సాయంత్రం 6 దాటితే చీకటి పడుతుంది. ఈ కాలవకి లోతు తక్కువ, వేగం పెంచితే తోక కిందికి దిగి పడవ ఇంకా నెమ్మదిస్తుంది. సూత్రం ప్రకారం రానూపోనూ 14 గంటల 40 నిమిషాలు. మీరు చివరిదాకా వెళ్తారా, లేక ఎక్కడ తిప్పుతారు? వంతెన నంబరుతో సహా రాసి పెట్టుకోండి. జవాబుతో నాలుగో పాఠం మొదలవుతుంది.