24 గిగాహెర్ట్జ్ ప్యాచ్ యాంటెన్నా: గీసిన కొలతే బోర్డు మీదికి రావాలంటే

2.4 గిగాహెర్ట్జ్ ప్యాచ్‌ను (బోర్డు మీద రాగితో చేసే చదునైన యాంటెన్నాను) ఎఫ్‌ఆర్4 అనే మామూలు సర్క్యూట్ బోర్డు పదార్థం మీద చేసినప్పుడు పొడవు పాతిక మైక్రాన్లు అటూ ఇటూ అయినా ఎవరికీ తెలియదు. 24 గిగాహెర్ట్జ్ రాడార్ ప్యాచ్ పొడవు సుమారు మూడు మిల్లీమీటర్లే కనుక, అదే పాతిక మైక్రాన్లు అనునాద పౌనఃపున్యాన్ని (యాంటెన్నా బాగా పనిచేసే పౌనఃపున్యాన్ని) దాదాపు 170 మెగాహెర్ట్జ్ జరిపేస్తాయి, 24.00 నుంచి 24.25 గిగాహెర్ట్జ్ వరకున్న బ్యాండ్ మొత్తం వెడల్పే 250 మెగాహెర్ట్జ్. అందుచేత సిమ్యులేషన్ మొదలుపెట్టక ముందే టాలరెన్సుల (తయారీలో రాగల హెచ్చుతగ్గుల) లెక్క వేసుకోవాలి.

రోజర్స్ ఆర్‌ఓ4350బి లామినేట్‌నే (రాగి రేకు అతికించిన బోర్డు పలకనే) తీసుకుందాం. దాని డేటాషీట్‌లో డైఎలక్ట్రిక్ స్థిరాంకానికి (పదార్థంలో తరంగం ఎంత నెమ్మదిస్తుందో నిర్ణయించే సంఖ్యకు) రెండు విలువలు ఉంటాయి: తయారీ నియంత్రణకు 3.48, డిజైన్‌కు 3.66. కొలతలు 3.66తో లెక్కించాలి, 3.48 పక్కనున్న ±0.05ను మాత్రం హెచ్చుతగ్గుల అంచనాకు వాడుకోవాలి. ఆ 0.05 వల్ల సుమారు 155 మెగాహెర్ట్జ్ తేడా వస్తుంది. దానికి పొడవులోని పాతిక మైక్రాన్లను కలిపితే, రెండూ ఒకే దిశలో పోయినప్పుడు, తప్పు 330 మెగాహెర్ట్జ్ దాకా చేరుతుంది. 0.254 మిల్లీమీటర్ల మందం మీద ప్యాచ్ బ్యాండ్‌విడ్త్ రెండు శాతం దగ్గర ఉంటుంది కాబట్టి, మన బ్యాండ్ పోగా ఇరువైపులా మిగిలేది చెరో 110 మెగాహెర్ట్జ్ మాత్రమే. మందాన్ని 0.508కి పెంచితే బ్యాండ్‌విడ్త్ నాలుగు శాతం దాటి, ఆ మిగులు 370కి పెరుగుతుంది. ఉపరితల తరంగాలు (బోర్డు వెంటే పాకిపోయేవి), ఫీడ్ లైను (ప్యాచ్‌కు సిగ్నల్ అందించే రాగి గీత) నుంచి అనవసర వికిరణం కొంత పెరిగే మాట నిజమే అయినా, ఒకటి రెండు ప్యాచ్‌ల పనికి నేను మందపు బోర్డునే ఎంచుకుంటాను.

0.508 మీద పొడవు సుమారు 3.02, వెడల్పు 4.07 మిల్లీమీటర్లు వస్తాయి. రాగి రేకు 35 మైక్రాన్లది కాక 18 మైక్రాన్లది అడగాలి. ఎచింగ్ ద్రావణం (అక్కర్లేని రాగిని కరిగించేది) కిందికి తినేటప్పుడు పక్కకూ తింటుంది కనుక, రాగి ఎంత మందమైతే అంచు అంత లోపలికి పోతుంది. ప్యాచ్ ఉన్న పొరకు ప్లేటెడ్ రంధ్రాలు (లోపల రాగి పూత ఉన్నవి) పెడితే రేకు మీద మరో 20 మైక్రాన్లకు పైగా రాగి చేరి ఈ జాగ్రత్తంతా వృథా అవుతుంది. గీసిన నమూనాను బోర్డు మీదికి దించే ఫిల్ము సాగుతుందేమోనన్న భయం ఇక్కడ అక్కర్లేదు: ఆ తప్పు పొడవుకు అనుపాతంలో ఉంటుంది కాబట్టి మూడు మిల్లీమీటర్లలో లెక్కకు రాదు. అంచు తప్పు అలా కాదు, ప్యాచ్ ఎంత చిన్నదైనా అది అంతే ఉంటుంది.

అంచు నష్టాన్ని భర్తీ చేసేది ఎవరన్నది ఆర్డరులోనే రాయాలి. ఒకసారి నేను ఒక్కో అంచుకు 20 మైక్రాన్లు కలిపి ఫైలు పంపితే, బోర్డు చేసేవారు తమ అలవాటు ప్రకారం మరో 20 కలిపారు. బోర్డు 23.85 గిగాహెర్ట్జ్ దగ్గర పలికింది. రెండు రోజులు కనెక్టరును అనుమానించాక మైక్రోస్కోపు కింద పెడితే పొడవు 3.06గా తేలింది. అప్పటి నుంచి ‘ఇవి ఎచింగ్ తరువాత రావలసిన కొలతలు, రాగి అడుగు అంచు దగ్గర’ అని డ్రాయింగు మీదే రాస్తున్నాను. అడుగు అంచు అని చెప్పడం అవసరం, ఎందుకంటే రాగి కోత ఏటవాలుగా ఉంటుంది, విద్యుత్ క్షేత్రం నిలిచేది అడుగుకూ గ్రౌండుకూ మధ్యనే.

ప్యాచ్ మీద సోల్డర్ మాస్కు (బోర్డు మీద పూసే రక్షణ పొర) వద్దు. అది పౌనఃపున్యాన్ని కిందికి లాగుతుంది. నికెల్ మీద బంగారు పూత కన్నా ఇమ్మర్షన్ సిల్వర్ (పలుచని వెండి పూత) మేలు, నికెల్‌లో నష్టం ఎక్కువ.

ప్యానెల్ అంచున పాతిక మైక్రాన్ల తేడాతో ఐదు పొడవుల ప్యాచ్‌లు వేయించండి. బోర్డు రాగానే ముందు మైక్రోస్కోపుతో కొలిచి, తరువాతే నెట్‌వర్క్ ఎనలైజర్‌కు (యాంటెన్నా ఏ పౌనఃపున్యం దగ్గర పలుకుతుందో చూపే పరికరానికి) తగిలించండి. పొడవు సరిగ్గా ఉండి ఐదూ ఒకే దిశలో జరిగితే మొదట అనుమానించవలసింది లామినేట్‌ను; సిమ్యులేషన్‌లో 3.66ను కొలతకు సరిపడేలా మార్చి, మిగిలిన బోర్డులను అదే లాటు షీట్ల మీద చేయించండి.