బయాస్ అప్‌డేట్‌కు ముందు బిట్‌లాకర్‌ను నిలిపివేయండి

కంప్యూటర్ ఆన్ కాగానే మొదట పనిచేసే మూల ప్రోగ్రామైన బయాస్‌ను అప్‌డేట్ చేసేటప్పుడు కరెంటు పోకూడదన్న సంగతి చాలామందికి తెలిసినదే కాని, విండోస్‌లో డిస్క్‌కు తాళం వేసి ఉంచే బిట్‌లాకర్ పనిచేస్తున్నదో లేదో ముందుగా చూసుకునేవారు తక్కువ. డిస్క్ తాళంచెవిని దాచి ఉంచే టీపీఎం చిప్, కంప్యూటర్ ఆన్ అయిన ప్రతిసారీ బయాస్ వంటి ఫర్మ్‌వేర్ (బోర్డులోనే ఉండే ప్రోగ్రామ్) మారలేదని సరిచూసుకున్న తరువాతే దానిని అందిస్తుంది కనుక, బయాస్ మారగానే 48 అంకెల రికవరీ కీ అడిగే తెర ఎదురుకావచ్చు. అందువల్ల ఆ కీని వేరొక చోట రాసిపెట్టుకుని, బిట్‌లాకర్‌ను తాత్కాలికంగా నిలిపివేసి పని మొదలుపెట్టాలి. దానిని పూర్తిగా తొలగించనవసరం లేదు.

బయాస్ ఫైలును తయారీదారు సైటు నుంచే, మోడల్‌తో పాటు మదర్‌బోర్డు రివిజన్‌ను, అంటే దాని కూర్పు సంఖ్యను కూడా సరిచూసుకుని (ఇక్కడే ఎక్కువగా పొరపడతారు) దించుకోవాలి. మధ్యలో తెర నల్లబడినా పవర్ బటన్ జోలికి పోకూడదు. ఒకవేళ బయాస్ చెడిపోయినా, ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉన్న బోర్డులలో ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్ నుంచి దానిని మళ్లీ ఎక్కించవచ్చు.