ఊళ్లో వాదన తేలకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

నెల్లూరు, ప్రకాశం జిల్లాల పల్లెల్లో ప్రజా విషయాలపై మాట్లాడేవారికి కొదవ లేదు. తేల్చగలిగిన అంకె గానీ కాగితం గానీ ఎవరి చేతిలోనూ లేనప్పుడు గొంతు పెద్దదైనవారి మాటే చెల్లుతుంది, మరుసటి రోజు అదే వాదన మళ్లీ మొదలవుతుంది. తరచుగా ఎదురయ్యే నాలుగు చిక్కులను, వాటి మూలాన్ని, చేయవలసిన పనిని ఇక్కడ వివరిస్తున్నాను.

లక్షణం: పెన్నకు వరద వచ్చిన రాత్రి ఫోన్లలో ఒక సందేశం లక్ష క్యూసెక్కులంటుంది, మరొకటి పది టీఎంసీలంటుంది, ఊరంతా కంగారు పడుతుంది.

కారణం: రెండూ వేరువేరు కొలతలు. క్యూసెక్కు అంటే సెకనుకు ఒక ఘనపు అడుగు చొప్పున పారే నీరు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపు అడుగుల పరిమాణం. లక్ష క్యూసెక్కులు ఇరవై నాలుగు గంటలు ఎడతెగకుండా పారితే దాదాపు 8.64 టీఎంసీలవుతుంది. పెన్నపై ఉన్న సోమశిల జలాశయం పూర్తి సామర్థ్యం సుమారు 78 టీఎంసీలని తెలిసినవారికి ఆ అంకె బరువెంతో వెంటనే అర్థమవుతుంది.

పరిష్కారం: ఏ జలాశయం నుంచి, ఏ గంటకు, ఎన్ని క్యూసెక్కులు అన్న మూడు వివరాలూ లేని సందేశాన్ని మరొకరికి పంపకండి. ఊరు ఖాళీ చేయమని అధికారులు దండోరా వేయిస్తే మాత్రం ముందు కదలండి. లెక్కలు గట్టెక్కాక చూసుకోవచ్చు.

లక్షణం: కనిగిరి వైపు ఊళ్లలో పిల్లల పళ్లపై గోధుమ రంగు చారలు కనిపిస్తాయి, ఇంట్లో మాత్రం "నీళ్లు కాచే తాగుతున్నాం కదా" అంటారు.

కారణం: ఆ చారలు నీటిలో కరిగి ఉన్న ఫ్లోరైడ్ ఎక్కువైతే వస్తాయి. కాచడం వల్ల సూక్ష్మక్రిములు చస్తాయే తప్ప ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరైన కొద్దీ మిగిలిన నీటిలో దాని సాంద్రత కొంత పెరుగుతుంది కూడా. రంగు, రుచి, వాసన చూసి దానిని పసిగట్టలేము. పక్కపక్క బోర్లలోనే మోతాదు వేరుగా ఉండవచ్చు కనుక పొరుగింటి బోరు ఫలితం మన బోరుకు వర్తించదు.

పరిష్కారం: బోరును కొన్ని నిమిషాలు పారనిచ్చి, శుభ్రమైన ప్లాస్టిక్ సీసాను ఆ నీటితోనే తొలిచి నింపి, గ్రామీణ నీటి సరఫరా విభాగం ప్రయోగశాలలో పరీక్ష చేయించండి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో చర్య జరుపుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం లీటరుకు ఒక మిల్లీగ్రాము వరకు ఆమోదయోగ్యం. వేరే వనరు లేనప్పుడు 1.5 వరకు అనుమతి ఉంది. ఆర్ఓ ప్లాంటు క్యాన్ల నీటిని కూడా పరీక్షించాలి, ఎందుకంటే పొర పాడైన యంత్రం నుంచి వచ్చే నీరు కూడా చూడటానికి తేటగానే ఉంటుంది.

లక్షణం: సిమెంటు రోడ్డు ఏడాదికే పగిలింది, అర్జీల మీద అర్జీలు పెట్టినా జవాబు లేదు.

కారణం: ఇక్కడ తప్పు ఎక్కువగా అర్జీ రాసే తీరులోనే ఉంటుంది. "రోడ్డు ఎందుకు నాసిరకంగా వేశారు? బాధ్యులెవరు?" అని అడిగితే అది ఆరోపణ అవుతుంది. 2005 నాటి సమాచార హక్కు చట్టం కార్యాలయంలో ఉన్న రికార్డును ఇప్పిస్తుంది; లేని సంజాయిషీని పుట్టించలేదు.

పరిష్కారం: కాగితం పేరు పెట్టి అడగండి. ఫలానా వీధి రోడ్డుకు సంబంధించిన అంచనా, పని ఉత్తర్వు, ఎం-బుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) పుటలు, చెల్లించిన బిల్లుల నకళ్లు ఇవ్వమని పౌర సమాచార అధికారికి రాయండి. మన రాష్ట్ర నియమాల ప్రకారం గ్రామస్థాయి కార్యాలయంలో దరఖాస్తు రుసుము లేదు. మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. ముప్పై రోజుల్లో జవాబు రావాలి. పొరపాటున వేరే కార్యాలయానికి రాసినా ఐదు రోజుల్లోగా సంబంధిత కార్యాలయానికి బదిలీ చేయవలసిన బాధ్యత వారిదే. జవాబు రాకపోతే ముప్పై రోజుల్లోపు మొదటి అప్పీలు, అక్కడా తేలకపోతే తొంభై రోజుల్లోపు రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు చేసుకోవచ్చు. జరుగుతున్న పనిని తనిఖీ చేసే హక్కును, వాడిన సామగ్రి నమూనాను ధ్రువీకరణతో పొందే హక్కును ఈ చట్టమే ఇచ్చింది. ఆ సంగతి తెలిసినవారు తక్కువ, వాడుకున్నవారు మరీ తక్కువ.

లక్షణం: కాగితాలు వచ్చాయి, కట్ట విప్పి చదివినవారు లేరు.

కారణం: లెక్కలు చదువుకున్నవారి పని అన్న జంకు. నెల్లూరు జిల్లాలో ఆ జంకు ఉండవలసిన అవసరమే లేదని నా అభిప్రాయం. 1990ల తొలినాళ్లలో అక్షరదీపం అనే వయోజన అక్షరాస్యత ఉద్యమం రాత్రి బడుల్లో కూర్చున్న ఆడవాళ్లు, పాఠాల్లో సారాతో చితికిన తమ ఇళ్ల కథనే చదివి చర్చించుకున్నారు. 1992లో దూబగుంటలో సారా దుకాణాన్ని అడ్డుకున్నారు. ఆ కదలిక రాష్ట్రమంతటా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం అమలైంది. అప్పుడే కూడబలుక్కుని చదవడం నేర్చుకుంటున్నవారు చేసిన పని అది.

పరిష్కారం: ఎం-బుక్‌లో చూడవలసినవి పొడవు, వెడల్పు, మందం అన్న మూడు గడులే. టేపు పట్టుకుని రోడ్డు పొడవు, వెడల్పు కొలవండి. మందాన్ని అంచు పగిలిన చోట చూడండి. అయితే పైన వేసిన కాంక్రీటును, కింద పరిచిన కంకర పొరను రికార్డులో విడివిడిగా చూపుతారు, రెండింటినీ కలిపి కొలిచి తేడా లేదనుకోవద్దు. కొలతలను, రికార్డులోని అంకెలను ఒకే కాగితంపై పక్కపక్కన రాసి గ్రామసభలో చదివి వినిపించి, తేడా ఉంటే దానిని తీర్మానాల పుస్తకంలో నమోదు చేయమని పంచాయతీ కార్యదర్శిని కోరండి. సభ ముగిసి అందరూ లేవకముందే ఆ పుటలో రాసినదేమిటో పైకి చదివించుకోవడం మరవకండి.