తక్కువలో ముచ్చటైన ఇల్లు – 3వ పాఠం: కొట్లో సరుకు చూసే పద్ధతి

రెండో పాఠం చివర మీకొక పని ఇచ్చాను. కిటికీలు, గుమ్మాలు, మంచం, వంటగట్టు కొలిచి చీటీ మీద రాసుకోమన్నాను. గోడ రంగు తెలిసేలా పగటి వెలుతురులో ఒక ఫోటో తీసి ఫోన్లో ఉంచుకోమన్నాను. అది పూర్తి చేసినవాళ్ళకే ఈ పాఠం పూర్తిగా పనికొస్తుంది. చేయనివాళ్ళు ముందు టేపు పట్టుకోండి, అరగంట పని. కిటికీకి కర్టెను జానెడు పొట్టిగా వేలాడుతుంటే, ఎంత మంచి బట్టైనా ఆ గదికి అందం రాదు.

ఈసారి బజారుకి వెళ్తున్నాం. విజయనగరం వాళ్ళు గంటస్తంభం వైపు, శ్రీకాకుళం వాళ్ళు జీటీ రోడ్డు వైపు వెళ్ళండి. మీకు అలవాటైన కొట్లే చాలు. సంచిలో టేపు, కొలతల చీటీ, ఒక చిన్న అయస్కాంతం వేసుకోండి. ఫ్రిజ్ మీద అంటించే బొమ్మ వెనక ఉండేదైనా సరే. వీలైతే పొద్దున్నే, కొట్లు తెరిచిన కాసేపటికి వెళ్ళండి. సాయంత్రం రద్దీలో కొట్టువాళ్ళు అడిగిన ప్రతి గిన్నె కిందకి దించి చూపించలేరు. పైగా లైట్ల వెలుగులో బట్ట అసలు రంగు తెలియదు.

డబ్బు ఇంట్లోనే విడదీయండి

చేతిలో 5,000 రూపాయలు ఉన్నాయనుకుందాం. నేనైతే అందులో సగం, అంటే 2,500, పొయ్యి మీదకి ఎక్కే సామానుకి పెడతాను. 1,500 కర్టెన్లకి, దుప్పట్లకి. 500 కుట్టుకూలికి, కర్టెన్ రాడ్డుకి. ఈ ఖర్చు చాలామంది లెక్కలో వేసుకోరు, తీరా బట్ట కొన్నాక టెన్షన్ పడతారు. మిగిలిన 500 కంటికి ఇంపైన ఒక్క వస్తువుకి. ఒక్కటే అని గట్టిగా చెప్తున్నాను. వందేసి రూపాయల బొమ్మలు ఐదు తెచ్చి టీవీ చుట్టూ సర్దితే ఇరుకుగా ఉంటుంది. ఆ డబ్బుతో ఒక మంచి వస్తువు తెచ్చి దాని చుట్టూ చోటు వదిలితే, వచ్చినవాళ్ళ చూపు దాని మీదే నిలుస్తుంది.

బడ్జెట్‌తో పాటు రంగులు కూడా బయల్దేరే ముందే అనుకోండి. గోడ రంగు వదిలేసి రెండు రంగులు చాలు. గోడ లేత పసుపైతే, ఆకుపచ్చ, ఇటుక రంగు అనుకోండి. ఇంక కర్టెనైనా, కాలిపట్టా అయినా, పప్పుల డబ్బాల మూతలైనా ఆ రెండింట్లోనే. వేర్వేరు కొట్లలో, వేర్వేరు నెలల్లో కొన్నా అన్నీ ఒక్కచోట ఎంచి కొన్నట్టు కలుస్తాయి. తక్కువ డబ్బుతో ఇల్లు బాగుండాలంటే నాకు తెలిసిన గట్టి ఉపాయం ఇదే.

స్టీలు: మెరుపు తర్వాత, బరువు ముందు

గిన్నె చేతికివ్వగానే అందరి కళ్ళూ మెరుపు మీదకి వెళ్తాయి. మెరుపు పాలిష్ వల్ల వస్తుంది, కొన్ని తోముళ్ళకి తగ్గుతుంది. మీరు చూడాల్సింది బరువు. "కేజీ ఎంత పడుతుందండి?" అని అడగండి. "పీసు లెక్కేనమ్మా" అంటే, "అయితే ఒకసారి తూకం వేసి చూపించండి బాబూ" అనండి. మొహమాటం వద్దు, స్టీలు కొట్లో తూకం అడగడం మామూలే.

ఒక లెక్క చేద్దాం. ఒకే సైజు గిన్నెలు రెండు ఉన్నాయి. మొదటిది 360 రూపాయలు, 450 గ్రాములు. రెండోది 420 రూపాయలు, 700 గ్రాములు. చూడగానే మొదటిది చవక అనిపిస్తుంది. కేజీ లెక్కన మొదటిది 800 పడింది, రెండోది 600. పైగా పలుచటి గిన్నెలో పాలు, పప్పు త్వరగా అడుగంటుతాయి. కాబట్టి పొయ్యి మీదకి వెళ్ళేదాంట్లో బరువైనది తీసుకోండి. నీళ్ళ చెంబు, పప్పుల డబ్బా, పళ్ళెం లాంటివి పలుచగా ఉన్నా నష్టం లేదు, మోయడం తేలిక కూడా. ఈ పోలిక ఒకే రకం స్టీలు మధ్యే చేయాలని మాత్రం గుర్తుంచుకోండి.

రకాల మాట వచ్చింది కాబట్టి అయస్కాంతం బయటికి తీయండి. "అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలు" అని పెద్దవాళ్ళు, కొట్టువాళ్ళు కూడా చెప్తుంటారు. అది సగమే నిజం. 304 రకం స్టీల్లో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. గిన్నె అడుగున 18/8 అని అచ్చు ఉండేది అందుకే. దానికి అయస్కాంతం అంటుకోదు. కానీ నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన 200 సిరీస్ స్టీలుకి కూడా అంటుకోదు. ఆ స్టీలు ధర తక్కువ. ఉప్పు, పులుపు ఎక్కువసేపు నిలిస్తే 304 కన్నా తొందరగా మచ్చలు పడుతుంది. అంటే అయస్కాంతం ఒక్కదాంతో ఈ రెండూ విడదీయలేం.

మరి సంచిలో ఎందుకు వేసుకోమన్నాను? ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్ళ కోసం. గిన్నె అడుగుకి అయస్కాంతం గట్టిగా అతుక్కుంటేనే ఇండక్షన్ మీద పని చేస్తుంది. ఇంటికి తెచ్చాక వేడెక్కడం లేదని మళ్ళీ బస్సెక్కే బాధ తప్పుతుంది. గ్యాస్ పొయ్యి ఒక్కటే ఉంటే ఈ పరీక్షతో మీకు పని లేదు.

స్టీలు రకం తెలియాలంటే అచ్చు, గుర్తు చూడాలి. స్టీలు వంటపాత్రల ప్రమాణం ఐఎస్ 14756. ప్రెషర్ కుక్కర్‌ది ఐఎస్ 2347. ఐఎస్ఐ గుర్తు దగ్గర సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరు ఉంటుంది. దాన్ని ఫోన్లో, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ యాప్ బీఐఎస్ కేర్‌లో కొడితే ఆ నంబరు ఎవరిదో, ఏ వస్తువుకి ఇచ్చారో కనిపిస్తుంది. గిన్నె విషయంలో కాస్త సర్దుకున్నా, కుక్కర్ విషయంలో సర్దుకోవద్దు. ఆవిరి ఒత్తిడితో పని చేసే సామాను అది. గుర్తు లేని కుక్కర్ సగం ధరకి ఇచ్చినా వదిలేయండి.

ఇక చేతి పరీక్షలు. అంచు చుట్టూ వేలితో మెల్లగా నిమరండి, గరుకుగా తగిలితే తోమేటప్పుడు చెయ్యి కోసుకుంటుంది. గిన్నెని కొట్లో అద్దం బల్ల మీద పెట్టి అంచు నొక్కండి, ఊగితే అడుగు చదునుగా లేదు. చెవులు రివిట్లతో బిగించారా, వెల్డింగ్ చుక్కలతో అతికించారా చూడండి. పెద్ద గిన్నెకి రివిట్లే నమ్మకం. మూత పెట్టి ఒక చుట్టు తిప్పండి, మధ్యలో ఎక్కడా పట్టకూడదు.

సెట్ల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. "51 పీసుల డిన్నర్ సెట్" అన్న మాట వింటే చాలా వచ్చేస్తున్నట్టు ఉంటుంది. స్పూన్లు, ఫోర్కులు కూడా పీసులే. అట్ట మీద ఉన్న జాబితా చదివి, మీ ఇంట్లో వారానికోసారైనా వాడేవి ఎన్నో వేళ్ళ మీద లెక్కపెట్టండి. సెట్టు ధరని ఆ అంకెతో భాగించండి. చాలాసార్లు విడిగా కొనుక్కోవడమే చవకని తేలుతుంది. నాలుగు మంచి కంచాలు, నాలుగు గ్లాసులు, ఒక మందపాటి గిన్నె, ఒక మూకుడుతో ఏ కాపురమైనా నడుస్తుంది. మిగతావి నెలకొకటి చేరతాయి.

ఇత్తడి కొనే ముందు అటక ఎక్కండి

మన వైపు ఆడపిల్లకి సారెలో ఇత్తడి సామాను పెట్టడం పాత అలవాటు. అమ్మదో అమ్మమ్మదో బిందె, గంగాళం, మరచెంబు ఏదో ఒక అటక మీద నల్లగా మారి పడి ఉంటుంది. కంటికి ఇంపైన వస్తువుకని పక్కన పెట్టుకున్న ఆ 500 రూపాయలు ఖర్చుపెట్టే ముందు దాన్ని కిందకి దించండి. చింతపండు, ఉప్పు వేసి తోమి, పొడిగుడ్డతో తుడిచి, గుమ్మం పక్కన చిన్న పీట మీద పెట్టి చూడండి. అందులో నీళ్ళు పోసి నాలుగు చామంతులు వేస్తే ముందుగదికి వేరే అలంకారం అక్కర్లేదు. ఈ రోజుల్లో పెద్ద షోరూముల్లో "యాంటిక్" అని ఎక్కువ ధర పెట్టి అమ్మేది ఇలాంటి సామానునే. మీ ఇంట్లో ఉన్నది అసలుది, పైగా మీ వాళ్ళ చేతులు పట్టుకున్నది.

కొత్తది కొనేటట్టయితే, శ్రీకాకుళం జిల్లా సారవకోట మండలంలోని బుడితి మనకి దగ్గరే. ఇత్తడి, కంచు పనికి పేరున్న ఊరు, దాని పనితనానికి భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అక్కడిదైనా, ఊళ్ళో కొట్లోదైనా, ఇత్తడి కొనేది తూకం మీదే. ఆ రోజు కేజీ రేటు ముందు అడగండి. పాత, చిల్లు పడ్డ ఇత్తడి ఉంటే తీసుకెళ్ళండి. పాతది తూకం వేసి, కొత్తదాని ధరలో తగ్గించి ఇచ్చే కొట్లు ఉన్నాయి. పాతదానికి కేజీకి ఎంత కడుతున్నారో, కొత్తదాని కేజీ ఎంతో రెండూ విడివిడిగా చెప్పించుకోండి. కలిపి ఒకే అంకె చెప్తే ఒప్పుకోవద్దు.

వాడకంలో ఒక జాగ్రత్త. లోపల కళాయి, అంటే తగరం పూత, లేని ఇత్తడిలో పులుసు, చారు, పెరుగు, పచ్చడి పెట్టకూడదు. పులుపు తగిలితే రాగి, జింకు తిండిలోకి దిగుతాయి. చూపుకి మాత్రమే చేసి పైన వార్నిష్ పూసిన సామానులో అసలు వండొద్దు.

బట్ట: చీటీ తీసే చోటు

రెడీమేడ్ కర్టెన్లు ఎక్కువగా 4 అడుగుల వెడల్పులో వస్తాయి. కిటికీకి 5 అడుగుల పొడవు, గుమ్మానికి 7 అడుగులు. కుచ్చు బాగా రావాలంటే బట్ట వెడల్పు కిటికీ వెడల్పుకి ఒకటిన్నర నుంచి రెండింతలు ఉండాలి. 4 అడుగుల కిటికీకి ఒక్క కర్టెను వేస్తే అది తెరలా చదునుగా పరుచుకుంటుంది, రెండు వేస్తే నిండుగా ఉంటుంది. డబ్బు సరిపోకపోతే బట్ట నాణ్యత ఒక మెట్టు తగ్గించండి గానీ కుచ్చు తగ్గించకండి. రాడ్డుని కిటికీ చట్రం మీద కాకుండా ఆరంగుళాలు పైకి, పక్కలకి కూడా కాస్త బయటికి బిగించండి. కిటికీ పెద్దదిగా, గది ఎత్తుగా కనిపిస్తాయి. దీనికి అదనంగా ఖర్చయ్యేది ఏమీ లేదు.

తాను బట్ట కొని కుట్టించేవాళ్ళకి లెక్క ఇది. పన్నా, అంటే బట్ట వెడల్పు, 48 అంగుళాలు అనుకుందాం. 5 అడుగులు అంటే 60 అంగుళాలు, పైనా కిందా మడతలకి 10 అంగుళాలు, మొత్తం 70. అంటే ఒక్కోదానికి సుమారు 1.8 మీటర్లు, రెండిటికి 3.6 మీటర్లు. నూలు బట్టైతే ఇంకో పావు మీటరు కలుపుకుని, కుట్టించే ముందు ఒక రాత్రి నీళ్ళలో నానబెట్టి ఆరేయండి. ముడుచుకునేది అప్పుడే ముడుచుకుంటుంది.

దుప్పట్ల దగ్గర ఎక్కువమంది మోసపోయేది "గ్లేస్ కాటన్" అనే మాట దగ్గర. పేరులో కాటన్ ఉన్నా, తక్కువ ధరకి ఆ పేరుతో వచ్చేది చాలావరకు పాలిస్టర్, లేదా పాలిస్టర్ కలిసినది. మన తీరం ఉక్కకి అది ఒంటికి అతుక్కుంటుంది. అంచు నుంచి ఒక పోగు లాగి, బయటికి వచ్చాక అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలు పోగు కాగితంలా కాలి మెత్తటి బూడిదవుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి గుండులా ముద్దకడుతుంది. ముందు పోగు చూసుకుని తర్వాత కొనండి. డబుల్ కాట్ అన్న మాట నమ్మి కూడా కొనొద్దు. మీ పరుపు 72 అంగుళాల వెడల్పుదైతే 90 అంగుళాల దుప్పటి పక్కలకి తొమ్మిదేసి అంగుళాలే దిగుతుంది. పరుపు మందం కలిపి చూసుకోండి.

పొందూరు ఖద్దరు గురించి కొందరు అడుగుతారు. అంత సన్నటి వడుకుని, వాలుగ చేప దవడతో దూది శుభ్రం చేసి అంత ఓపికగా తీసిన నూలుని ఎండలో కర్టెనుగా వేలాడదీయడం నాకు మనసొప్పదు. అది ఒంటి మీద కట్టుకునే బట్ట. కర్టెన్లకి ఆప్కోలో దొరికే ముతక చేనేత చాలు, రిబేటు ఉన్న రోజుల్లో వెళ్తే మరీ మంచిది.

బేరం, బిల్లు

బేరం కొట్లో ఆడండి. రెండు మూడు వస్తువులు కలిపి తీసుకుని మొత్తం మీద తగ్గించమనండి, ఒక్కో గిన్నె మీద పది రూపాయల కోసం వాదించడం కన్నా ఇది నడుస్తుంది. సంతలో ఈతాకు చాపలు, చేటలు, బుట్టలు స్వయంగా అల్లి తెచ్చి అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం బేరం వద్దు. రోజంతా అల్లిన పనికి వాళ్ళు అడిగేదే తక్కువ. ఆ చేట గోడకి తగిలించినా, బుట్టలో ఉల్లిపాయలు వేసి గట్టు మీద పెట్టినా, ప్లాస్టిక్ ట్రే కన్నా ఎంతో అందంగా ఉంటుంది.

బిల్లు అడిగి తీసుకోండి. వంటసామాను మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది. బిల్లులో పాత శాతం వేసుంటే మర్యాదగా చూపించండి. ఆన్‌లైన్‌లో కొనేవాళ్ళు ఫోటో వదిలేసి కింద రాసిన బరువు, లీటర్లు, అంగుళాలు చదవండి. బరువు రాయని గిన్నె జోలికి పోవద్దు.

ఈ వారం అభ్యాసం

ఏమీ కొనకుండా ఒకసారి బజారుకి వెళ్ళి రండి. ఒకే సైజు స్టీలు గిన్నెలు మూడు కొట్లలో చూసి ధర, బరువు రాసుకుని కేజీ లెక్క కట్టండి. మీ కిటికీ ఒకదానికి ఎన్ని మీటర్ల బట్ట కావాలో చీటీ చూసి లెక్కేయండి. అటక మీద ఏం ఉందో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి ఒక జాబితా రాయండి.

నాలుగో పాఠం అరలు, రాక్‌లు, పీటల గురించి. వానాకాలం తేమకి పార్టికల్ బోర్డు ఎందుకు ఉబ్బుతుందో, పాత చెక్క సామాను ఎలా చూసి కొనాలో అందులో చెప్తాను. అప్పటికి వంటగట్టు కింద ఖాళీ ఎత్తు, లోతు కొలిచి ఉంచండి. గ్యాస్ బండ పెట్టే చోటు విడిగా రాసుకోండి.