చిన్న డెస్క్‌టాప్‌లో ర్యామ్ పెంచాక కంప్యూటర్ ఆన్ కాకపోతే ఏం చేయాలి?

డెల్ ఆప్టిప్లెక్స్ మైక్రో, లెనోవో థింక్‌సెంటర్ టైనీ, హెచ్‌పీ ఎలైట్‌డెస్క్ మినీ వంటి చిన్న డెస్క్‌టాప్‌లను ఆఫీసులు కొన్నేళ్లు వాడి అమ్మేస్తే, అవి సెకండ్ హ్యాండ్ దుకాణాల ద్వారా ఇళ్లకు చేరుతుంటాయి. 4 లేదా 8 జీబీ ర్యామ్‌తో వచ్చిన ఇలాంటి యంత్రానికి ఇంకో స్టిక్ (ర్యామ్ చిప్పులుండే చిన్న పట్టీ) జోడించడం తక్కువ ఖర్చుతో అయ్యే పని. తీరా మూత బిగించి బటన్ నొక్కితే తెర నల్లగానే ఉండిపోవడం, పెంచిన ర్యామ్ విండోస్‌లో కనిపించకపోవడం, కొన్ని గంటలు బాగానే నడిచి విండోస్ ఆగిపోయి నీలి తెర రావడం వంటి ఇబ్బందులు ఎదురవుతాయి. ఇక్కడ చెప్పేవి ముఖ్యంగా ఇంటెల్ 6, 7, 8వ తరం ప్రాసెసర్లతో, డీడీఆర్4 రకం ర్యామ్‌తో వచ్చిన యంత్రాలకు వర్తిస్తాయి. ఏ దశలోనైనా ఒకసారికి ఒక్క మార్పే చేయండి. ర్యామ్ మార్చి, బయోస్ (విండోస్ కంటే ముందు యంత్రాన్ని లేపే ప్రోగ్రామ్) సెట్టింగ్ మార్చి, మదర్‌బోర్డు మీది బటన్ బ్యాటరీ కూడా తీసేస్తే, యంత్రం లేచినా లేవకపోయినా కారణం తెలియదు.

1. ముందు పాత స్థితికి తీసుకురండి

కంప్యూటర్‌ను షట్‌డౌన్ చేసి, అడాప్టర్ వైరును గోడ దగ్గర కాకుండా యంత్రం వెనుక నుంచే తీసేసి, పవర్ బటన్‌ను పది పదిహేను సెకన్లు నొక్కి పట్టుకుంటే లోపల మిగిలిన విద్యుత్తు ఖాళీ అవుతుంది. ఆ తరువాత లోపలి లోహపు చట్రాన్ని ఒకసారి చేత్తో తాకి, కొత్త స్టిక్ తీసేసి, పాత స్టిక్‌ను పాత స్లాట్‌లోనే ఉంచి ఆన్ చేయండి. మామూలుగా లేచిందంటే మదర్‌బోర్డు, ప్రాసెసర్, అడాప్టరు బాగున్నట్టే. ఇక వెతకవలసింది కొత్త స్టిక్‌లోనో, రెండో స్లాట్‌లోనో, పాత, కొత్త స్టిక్కుల పొత్తులోనో.

పాత స్టిక్‌తో కూడా లేవకపోతే కంగారు పడవలసిన పని లేదు. ఈ యంత్రాలు చాలావాటిలో ర్యామ్ అందాలంటే ఫ్యానునో, హార్డ్ డిస్క్ కూర్చునే చట్రాన్నో పైకి తీయాలి. ఆ క్రమంలో ఫ్యాను వైరు ఊడిపోతే ఫ్యాను లోపమని సందేశం వస్తుంది. డిస్క్ కేబుల్ కదిలితే బూట్ డివైస్ దొరకలేదని చూపిస్తుంది. ఈ రెండింటికీ ర్యామ్‌తో సంబంధం లేదు గానీ, అప్పుడే ర్యామ్ మార్చాం కనుక నింద దాని మీదే పడుతుంది.

2. స్టిక్ మీది లేబుల్ చదవండి

వీటిలో వేయవలసింది ల్యాప్‌టాప్‌లలో వాడే పొట్టి స్టిక్, అంటే ఎస్ఓ-డిమ్. డీడీఆర్3కి 204, డీడీఆర్4కి 260, డీడీఆర్5కి 262 పిన్నులు ఉంటాయి. మధ్య గాడి కూడా వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో మరొకటి పట్టదు. పట్టడం లేదంటే బలం ఉపయోగించవద్దు, లేబుల్ చూడండి. పీసీ4-2400 అన్నా, పీసీ4-19200 అన్నా ఒకే వేగం. రెండోది మొదటి అంకెను ఎనిమిదితో హెచ్చిస్తే వచ్చేదే.

ఇంతకన్నా పాత యంత్రాలలో అసలు చిక్కు ఉంది. మామూలు డీడీఆర్3 1.5 వోల్టులతో, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులతో పనిచేస్తాయి. గాడి మాత్రం ఒకే చోట ఉంటుంది కనుక ఒకటి పట్టే స్లాట్‌లో రెండోదీ చక్కగా కూర్చుంటుంది. ఇంటెల్ 4వ తరం ఎన్‌యూసీ (ఇంటెల్ తెచ్చిన చిన్న డెస్క్‌టాప్) వంటివి 1.35 వోల్టుల స్టిక్‌ను మాత్రమే అంగీకరిస్తాయి, మామూలు డీడీఆర్3 వేస్తే అసలు లేవవు. అలాగే 4వ తరం ప్రాసెసర్లు ఒక స్లాట్‌లో 8 జీబీకి మించిన డీడీఆర్3 స్టిక్‌ను గుర్తించవు. ఒకే 16 జీబీ స్టిక్ కొంటే స్టిక్ మంచిదే అయినా ఆ యంత్రానికి పనికిరాదు.

3. మళ్లీ కూర్చోబెట్టండి

స్టిక్ సరిగా కూర్చోకపోవడం చాలా మామూలు కారణం కాబట్టి ఈ పనిని ఓపికగా చేయాలి. స్టిక్‌ను సుమారు 30 డిగ్రీల వాలులో పట్టుకుని, బంగారు పూత అంచు దాదాపు కనిపించనంతగా లోపలికి నెట్టి, ఆ తరువాతే కిందికి అదిమితే రెండు వైపులా క్లిప్పులు టక్కుమని పట్టుకుంటాయి. పూత ఒక పక్క ఎక్కువగా, మరో పక్క తక్కువగా కనిపిస్తే స్టిక్ వంకరగా ఉన్నట్టే. పూర్తిగా లోపలికి వెళ్లకుండానే క్లిప్పులు పట్టేసే అవకాశం ఉంది, శబ్దం ఒక్కటే నమ్మకండి.

పూత మసకబారి ఉంటే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. రిపేరు దుకాణాలలో పెన్సిల్ రబ్బరుతో రుద్దుతారు. అది పనిచేస్తుంది గానీ ఆ పొడి స్లాట్‌లో పడకుండా స్టిక్‌ను దూరంగా పట్టుకుని రుద్దాలి.

4. మొదటిసారి కాస్త వేచి ఉండండి

కొత్త ర్యామ్ వేశాక మదర్‌బోర్డు దాని వేగాన్ని, సమయాలను సరిచూసుకుంటుంది. ఆ సమయంలో తెర నల్లగా ఉండవచ్చు, యంత్రం తనంతట తానే ఒకటి రెండుసార్లు ఆగి మళ్లీ మొదలు కావచ్చు. డీడీఆర్4లో ఇది త్వరగానే ముగుస్తుంది, డీడీఆర్5లో కొన్ని నిమిషాలు పట్టవచ్చు. ఈలోగా బటన్ నొక్కి ఆపేస్తే కథ మళ్లీ మొదటికి వస్తుంది.

అప్పటికీ తెర రాకపోతే బీప్ శబ్దాలను, పవర్ బటన్ దీపం మెరిసే తీరును లెక్కపెట్టండి. ఒకే కంపెనీలో కూడా మోడల్ మారితే వాటి అర్థం మారుతుంది, అందుచేత మీ మోడల్ పేరుతో ఉన్న సర్వీస్ మాన్యువల్‌లోని పట్టికనే చూడాలి.

5. స్టిక్‌ను, స్లాట్‌ను విడదీసి పరీక్షించండి

కొత్త స్టిక్‌ను ఒక్కదానినే, పాత స్టిక్ పనిచేసిన స్లాట్‌లో వేయండి. లేవకపోతే లోపం స్టిక్‌దే, లేదా అది ఈ యంత్రానికి సరిపడనిది. లేస్తే, ఈసారి పాత స్టిక్‌ను ఒక్కదానినే రెండో స్లాట్‌లో వేయండి. అప్పుడు లేవకపోతే లోపం స్లాట్‌ది. విడివిడిగా రెండూ పనిచేసి, కలిపి వేసినప్పుడే మొరాయిస్తే ఆ రెండింటికీ పొత్తు కుదరలేదని అర్థం. ఒకే కంపెనీవి, ఒకే వేగం ఉన్నవి జతగా కొనడం మంచిదనేది ఇందుకే.

జత కుదరనప్పుడు కంపెనీ వెబ్‌సైట్ నుంచి బయోస్‌ను అప్‌డేట్ చేసి చూడవచ్చు, కానీ ఆ పని పాత స్టిక్ ఒక్కటే ఉన్నప్పుడు, కరెంటు పోదన్న నమ్మకం ఉన్నప్పుడు చేయాలి. సీఆర్2032 బటన్ బ్యాటరీని తీసి బయోస్‌ను రీసెట్ చేయడం దాని తరువాతి మాట. రీసెట్‌కు ముందు బయోస్ పేజీలను ఫోనులో ఫొటో తీసి పెట్టుకోండి. డెల్‌లో ఎఫ్2, లెనోవోలో ఎఫ్1, హెచ్‌పీలో ఎఫ్10 నొక్కితే ఆ పేజీలు తెరుచుకుంటాయి. రీసెట్‌తో డిస్క్ మోడ్ (మదర్‌బోర్డు డిస్క్‌ను నడిపే పద్ధతి) ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కు మారిపోయిందంటే మంచి ర్యామ్ ఉండి కూడా విండోస్ లేవదు. డిస్క్‌కు తాళం వేసే విండోస్ బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కూడా ముందే దగ్గర పెట్టుకోవాలి.

6. లేచింది గానీ లెక్క తగ్గితే

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్, మెమరీ పేజీ తెరిస్తే ఎన్ని స్లాట్లు నిండాయో, ఎంత వేగంతో నడుస్తున్నాయో, హార్డ్‌వేర్ కోసం ఎంత పక్కన పెట్టారో కనిపిస్తుంది. 32 బిట్ల విండోస్ 10 అయితే 4 జీబీకి మించి వాడుకోలేదు, 64 బిట్లది వేసుకోవలసిందే. 64 బిట్లది అయి ఉండి కూడా తక్కువ చూపిస్తే, సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లోని బూట్ విభాగంలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ తెరిచి, మాగ్జిమమ్ మెమరీ పక్కన టిక్ ఉంటే తీసేయండి. గ్రాఫిక్స్ కోసం కొంత తగ్గడం సహజం. 7వ తరం ప్రాసెసర్‌లో 2666 స్టిక్ వేస్తే 2400 వేగమే కనిపిస్తుంది, అది ఆ ప్రాసెసర్ పరిమితే, లోపం కాదు.

7. నీలి తెరలు వస్తుంటే

యంత్రం లేవడం ర్యామ్ మంచిదని చెప్పే రుజువు కాదు. మొదట విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడపండి. అందులో ఏమీ తేలకపోతే ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86+ ప్రోగ్రామ్‌ను పెన్‌డ్రైవ్‌లో వేసి, దాని నుంచి బూట్ చేసి, రాత్రంతా నడవనివ్వండి. ఒక్క తప్పు దొరికినా ఆ ర్యామ్‌ను నమ్మడానికి లేదు. రెండు స్టిక్కులుంటే ఒక్కొక్కటిగా పరీక్షిస్తేనే ఏది చెడ్డదో తేలుతుంది. తప్పులు చూపిస్తున్న తెరను, స్టిక్ మీది లేబుల్‌ను కలిపి ఫొటో తీస్తే దుకాణదారుడితో వాదన తగ్గుతుంది. సెకండ్ హ్యాండ్ ర్యామ్ కొనేటప్పుడు కనీసం వారం రోజుల్లో మార్చి ఇస్తామన్న మాట బిల్లు మీద రాయించుకోండి. లోపం స్లాట్‌దే అని తేలితే మదర్‌బోర్డు మార్చడం ఈ పాత యంత్రాలకు గిట్టుబాటు కాదు. 6వ తరం నుంచి ఒక స్లాట్‌లో 16 జీబీ స్టిక్ పనిచేస్తుంది కనుక, బాగున్న స్లాట్‌లో అది ఒక్కటే వేసుకుని వాడుకోవచ్చు.